గడియ మరిచిన రాత్రి

తెల్లారి గూటి దగ్గరికి వెళ్లేసరికి ముందు కనబడేవి ఈకలు. గుమ్మం ముందు గుప్పెడు, కరివేప చెట్టు కింద ఇంకో గుప్పెడు, దడి వరకూ ఒకటీ అరా. లోపల పుంజు మూలకి నక్కి ఉంటుంది. రెండు పెట్టలు వాసం మీంచి దిగనంటాయి. తక్కిన నాలుగూ లేవు. వల చిరగలేదు, తలుపు చెక్క విరగలేదు. గడియ తీసే ఉంది, అంతే. రాత్రి వచ్చింది జంగుపిల్లో, ఊరకుక్కో. దాని పని అది చేసుకుపోయింది.

పెరట్లో కోళ్లు పెంచే ఏ పల్లెకి వెళ్లినా ఇలాంటి పొద్దు ఒకటి చూసినవాళ్లు దొరుకుతారు. వాళ్లు చెప్పే తీరులో ఒక చిత్రం ఉంది. పోయిన ఆదివారం చుట్టాలొచ్చారని అదే గూట్లోంచి పుంజును పట్టి, కోసి, పులుసు పెట్టిన ఇల్లాలే, ఇవాళ ఆ ఈకల ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఆదివారం పుంజు గురించి అడిగితే మామూలుగా “కోశాం” అంటుంది. పిల్లి ఎత్తుకుపోయిన పెట్టల గురించి అడిగితే మాత్రం “చేతులారా చంపుకున్నాను” అంటుంది. కత్తి పట్టిన చేతులకు అంటని మాట, గడియ వేయని చేతులకు అంటుకుంది.

పోయిన డబ్బు కోసం ఏడుస్తోందని తేల్చేయడం తేలిక. అందులో నిజం లేకపోలేదు. నాటు పెట్ట అంటే పల్లెల్లో చిల్లర బ్యాంకు: పిల్లల నోటు పుస్తకాలు, ఆసుపత్రి చీటీ, అల్లుడి మర్యాద. అయినా డబ్బే అసలు సంగతైతే ఆమె “నష్టపోయాను” అని ఉండేది. ఆమె అన్నది వేరు. అంతకంటే బరువైన లెక్క ఏదో ఆమె మనసులో నడుస్తోంది. ఆ లెక్క ఏమిటన్నది తత్వవేత్తలకు కొత్త ప్రశ్నేమీ కాదు.

మన శాస్త్రకారులు కోడిని ఏనాడూ చిన్నచూపు చూడలేదు. సంస్కృత వాదగ్రంథాల్లో అర్ధకుక్కుటీ న్యాయమని ఒకటుంది. ఒకే పెట్టలో సగం కోసి వండుకుని, మిగతా సగాన్ని గుడ్లు పెట్టడానికి అట్టే పెట్టుకుంటానంటే కుదరదు. ఒక సిద్ధాంతంలో తనకు పనికొచ్చే ముక్క ఒప్పుకుని, ఇబ్బంది పెట్టే ముక్క వదిలేసే ప్రతివాదిని ఎత్తిపొడవడానికి పండితులు ఈ కోడిని వాడుకున్నారు.

పండితులు నవ్విన ఆ సగం కోడితోనే పెరటి ఇల్లాలు బతుకు ఈడుస్తోంది. కాపాడేదీ ఆమే, కోసేదీ ఆమే. కంచే చేను మేస్తే లోకం ఒప్పుకోదు గానీ, కోళ్ల విషయంలో మాత్రం మేయడానికే కంచె వేస్తారు. మరి దీన్ని రక్షణ అనొచ్చా? బీరువాలో నగ దాచుకోవడానికీ గూట్లో పెట్టను దాచుకోవడానికీ తేడా ఉందా?

ఈ ప్రశ్నను అందరికంటే ముందు అడిగింది ఒక డేగ. భారతం అరణ్యపర్వంలో పావురం ప్రాణభయంతో వచ్చి ఉశీనర రాజు ఒళ్లో పడుతుంది. వెంటపడి వచ్చిన డేగ రాజుతో వాదానికి దిగుతుంది. ఇది నాకు విధి పెట్టిన తిండి, దీన్ని నువ్వు కాపాడితే నేనూ నా పెళ్లాంపిల్లలూ చస్తాం, ఇంకో ధర్మానికి అడ్డొచ్చే ధర్మం ధర్మమెలా అవుతుందన్నది దాని మాటల సారం. రాజు దగ్గర జవాబు లేదు. తన మాంసమే తూచి ఇచ్చాడు. అదే పర్వంలో మరోచోట ఈ కథ శిబి చక్రవర్తి పేరు మీద వస్తుంది. బౌద్ధులూ శిబిని తమవాడిగా చెప్పుకున్నారు. తెలుగునాట బడికి వెళ్లిన ప్రతి పిల్లాడికీ తెలిసిన కథే.

అయితే ఆ రాజుకు పావురం కూర మీద ఆశ లేదు. అందుకే ఆ త్యాగం నిలబడింది. అదే డేగ పెరటి దడి మీద వాలి, “నువ్వు తింటే ధర్మం, నేను తింటే దొంగతనమా?” అని అడిగితే ఇల్లాలు ఏం చెప్పాలి? గుడ్లు ఏరి పొదిగించింది నేను, నూకలు చల్లింది నేను, వానకి తడవకుండా గంప బోర్లించింది నేను అంటుంది. నాకు నూకలు చల్లే చేతులు లేవు కదా అని డేగ అంటుంది. ఈ వాదం తేలదు. చెరువు మీద తిరిగే గరుడపక్షి కనబడితే చెంపలు వేసుకునే ఆడవాళ్లే, నల్లగద్ద నీడ పెరట్లో పడగానే మట్టిబెడ్డ అందుకుంటారు. భక్తికీ బెడ్డకీ మధ్య వాళ్లకు తడబాటు ఉండదు. గద్ద ఆకలి అన్యాయమని ఎవరూ అనరు. నా పిల్ల జోలికి రావద్దంటారు, అంతే.

కోళ్లు కూడా అదే అంటాయి, అదీ శత్రువును బట్టి వేర్వేరు మాటల్లో. క్రిస్టఫర్ ఎవాన్స్, పీటర్ మార్లర్ తదితరులు 1993లో అచ్చువేసిన పరిశోధనలో పుంజులు గద్దకు ఒక కేక, నేల మీద వచ్చే జంతువుకు మరో కేక పెడతాయని తేలింది. శత్రువు కనబడకపోయినా, రికార్డు చేసిన కేక వినబడితే చాలు. మొదటి కేకకు పెట్టలు చాటుకు పరిగెత్తి, నక్కి, ఆకాశం వైపు చూశాయి. రెండో కేకకు మెడ నిలువునా చాచి చుట్టూ చూశాయి. పరిశోధన సంగతి తెలియని పల్లెటూరి అవ్వ కూడా వంటింట్లోంచి ఆ కేక విని, గద్దొచ్చిందో ముంగిసొచ్చిందో చెప్పేయగలదు. పెరటి రక్షణలో సగం వినికిడే. ఆమె చేతులు పిండి కలుపుతుంటాయి, చెవులు పెరట్లో ఉంటాయి.

ఆ చెవులు ఎప్పుడు మూసుకుపోతాయన్నదే అసలు గొడవ.

రోజులో కోళ్లకు అన్నిటికంటే ముఖ్యమైన వేళ మునిమాపు. కోడికి చీకట్లో చూపు ఆనదు. పొద్దు వాలుతుండగానే తనంతట తాను గూటికి వస్తుంది. వచ్చి వాసమెక్కి కూర్చున్నాక, ఎవరు వచ్చి కాలు పట్టి లాగినా ఏమీ చేయలేదు. ముంగిస పగటి దొంగ, జనం పొలానికి పోయిన వేళ చూసుకుంటుంది. పిల్లీ కుక్కా పామూ రాత్రి వస్తాయి. వలకన్ను అర అంగుళం మించకూడదు, నేలలోకి అడుగు లోతు దిగాలి, గూడు నేలకు ఎత్తులో ఉండాలి అని తెలిసినవాళ్లు చెబుతారు. అన్నీ సరిగా ఉన్నా పొద్దు వాలాక ఒక మనిషి వెళ్లి తలలు లెక్కపెట్టి గడియ వేస్తేనే అది గూడు. లేకపోతే పిల్లికి వడ్డించిన విస్తరి.

ఆ మునిమాపే ఇంట్లోనూ ఊపిరాడని వేళ. గేదె పాలు పిండాలి, కేంద్రం మూయకముందే పాలు పోసి రావాలి, పొయ్యి వెలిగించాలి, కుళాయి వచ్చే టైము, పిల్లాడి హోంవర్కు. పొద్దున ఉపాధి హామీ పనికో కలుపుకో పోయివచ్చిన ఒళ్లు. తెలుగులో గడియ అంటే తలుపుకు వేసేదీ, ఇరవై నాలుగు నిమిషాల కాలమూ. గడియ వేయడానికి గడియ తీరిక లేని బతుకు గురించి నిఘంటువుకు ముందే తెలుసు కాబోలు.

“ప్రమాదం” అన్న మాటకూ ఇలాంటి కథే ఉంది. మనకు ప్రమాదమంటే బస్సు బోల్తా పడటం, ఎవరి చేతుల్లోనూ లేనిది. సంస్కృతంలో దాని మొదటి అర్థం ఏమరుపాటు. ఆ మాటను బౌద్ధులూ జైనులూ నీతిశాస్త్రం నడిమధ్యలో పెట్టుకున్నారు. బుద్ధుడు చివరిసారి శిష్యులకు అప్పజెప్పింది అప్రమాదాన్నే అని పాళీ గ్రంథాలు చెబుతాయి. ధమ్మపదంలో దాని పేరు మీదే ఒక అధ్యాయముంది. జైనుల తత్త్వార్థ సూత్రం హింసను నిర్వచించేటప్పుడు ప్రాణం పోవడంతో సరిపెట్టలేదు, ఏమరుపాటు వల్ల ప్రాణం పోవడమని షరతు పెట్టింది. కుందకుందాచార్యుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఆయనది అనంతపురం జిల్లా కొనకొండ్ల అని సంప్రదాయం చెబుతుంది. జీవి చచ్చినా బతికినా, జాగ్రత్త లేకుండా నడుచుకున్నవాడికి హింసాదోషం తప్పదని ప్రవచనసారంలో ఆయన తేల్చాడు. జాగ్రత్తగా మెలిగినవాడికి, పొరపాటున జీవి చచ్చినంత మాత్రాన దోషం అంటదు.

ఈ తూకంలో వేస్తే గడియ మరిచిన రాత్రి ఏ పిల్లీ రాకపోయినా తప్పు జరిగినట్టే. పిల్లి వచ్చింది కాబట్టి అది ఈకల రూపంలో బయటపడింది. “చేతులారా చంపుకున్నాను” అన్న మాటలో ఆ ఇల్లాలు కొనకొండ్ల ఆచార్యుడి వాక్యాన్నే తన భాషలో చెప్పుకుందనిపిస్తుంది.

అలాగని ఆచార్యుణ్ని సాక్షిగా పిలిచి ఆదివారం కత్తిని మాఫీ చేయించుకోవడం కుదరదు. ఆయన మాట్లాడింది అడుగు తీసి అడుగు వేసేటప్పుడు చీమను చూసుకునే మునుల గురించి. తెలిసి కోయడం ఆయన దృష్టిలో చర్చకే రాదు, అది హింసే. ఏమరుపాటు గురించి ఆయన చెప్పింది తీసుకుని, కత్తి గురించి చెప్పింది వదిలేస్తే పండితులు మళ్లీ ఆ సగం కోడినే తెచ్చి ముందు పెడతారు.

ఈ ఇరుకులోంచి దారి చూపించే మనిషి భారతంలోనే ఉన్నాడు. ఆ కథ మొదలయ్యేది కూడా ఒక పిట్ట రెట్టతోనే. కౌశికుడనే బ్రాహ్మణుడు చెట్టు కింద వేదం చదువుకుంటుంటే, కొమ్మ మీది కొంగ నెత్తిన రెట్ట వేసింది. అతడు కోపంగా చూసేసరికి అది చచ్చి పడింది. (కోళ్లున్న ఇంట్లో ఇలాంటి కోపిష్ఠి ఉంటే సాయంత్రానికి ఊళ్లో ఒక్క పిట్ట మిగలదు.) తర్వాత భిక్షకు వెళితే ఒక గృహిణి భర్త సేవలో ఉండి అతణ్ని గుమ్మంలో నిలబెట్టింది. మళ్లీ కళ్లెర్రజేయబోతే, నేను కొంగను కానని సున్నితంగా చెప్పి, ధర్మం తెలుసుకోవాలంటే మిథిలలోని మాంసం కొట్టుకు వెళ్లమంది. ఆమె తీరిక లేకపోవడానికి కారణం భర్త సేవ కావడం ఈనాటి చెవికి కొంచెం గుచ్చుకుంటుంది. కానీ ఇంటి పనిలో మునిగిన మనిషికి తపస్వి కంటే ఎక్కువ తెలిసి ఉండొచ్చని ఒప్పుకున్న కథ అది.

మిథిలలో ఆ కొట్టు నడిపే ధర్మవ్యాధుడు ఏమంటాడు? తాను చంపడు, చంపినది అమ్ముతాడు, తాను తినడు. అయినా చేతులు శుభ్రమని చెప్పుకోడు. తన వృత్తి ఘోరమైనదేనని ఒప్పుకుంటాడు. నాగలి కింద ఎన్ని జీవులు చస్తాయో చూడమంటాడు, ధాన్యపు గింజల్లోనూ జీవముందంటాడు. పూర్తిగా అహింసతో బతికేవాడు లోకంలో లేడు, చేయగలిగింది దాన్ని తగ్గించుకోవడమేనన్నది అతని మాట. దోషం తనకు లేదని వాదించకుండా, ఉన్నదాన్ని దగ్గర పెట్టుకుని ఇంటి ధర్మం నడిపే మనిషి అతను. పెరటి ఇల్లాలికి పూర్వీకుడంటూ ఎవరైనా ఉంటే శిబి కాదు, ఇతనే.

గడియ మరుపుకు మందు శాశ్వతంగా తలుపు మూసేయడమే కదా అనే తెలివైనవాళ్లూ ఉన్నారు. లోకం ఆ దారినే పోయింది. 2019 పశుగణన ప్రకారం దేశంలో కోళ్లూ బాతులూ వగైరా అన్నీ కలిపి 85.18 కోట్లు. వాటిలో పెరటివి 31.7 కోట్లు, 2012 లెక్కతో పోలిస్తే దాదాపు 46 శాతం ఎక్కువే. మిగిలినవన్నీ షెడ్లలోనివి. బ్యాటరీ పంజరంలోని లేయర్ కోడికి ముంగిస భయం లేదు, గద్ద నీడ తెలియదు, మేత వేళకు వస్తుంది. దానికి లేనిది రెక్క చాచుకునే చోటు. ఒక్కో కోడికి దక్కే జాగా మామూలు ఏ ఫోర్ కాగితమంత కూడా ఉండదు. కేంద్ర లా కమిషన్ 2017లో తన 269వ నివేదికను ఈ కోళ్ల మీదే రాసి, పంజరాల తీరు మారాలని సిఫారసు చేసింది. నూటికి నూరుపాళ్లు రక్షణ అంటే చివరికి తేలింది ఈ చోటు లెక్క.

ఇస్లాం సంప్రదాయంలో ఒక స్త్రీ కథ ఉంది. పిల్లిని బంధించి తిండి పెట్టలేదు, పోయి పురుగూ పుట్రా తిని బతకడానికీ వదల్లేదు. అది చచ్చిపోయింది, ఆమెకు నరకం ప్రాప్తించిందని బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలు రెండూ చెబుతాయి. పిల్లిని కట్టేయడంతోనే ఆమె శిక్షకు గురికాలేదు. తలుపు మూసి, మూసినందుకు తన మీద పడిన బాధ్యతను వదిలేసింది. గడియ వేసిన క్షణం నుంచి లోపలి ప్రాణి ఆకలి గడియ వేసినవాళ్ల మెడకు చుట్టుకుంటుంది. పెరటి కోడి పగలంతా పెంటకుప్ప గీక్కుని చెదలూ పురుగులూ ఏరుకుంటుంది. గద్దకు దొరికే అవకాశమూ దాంతోపాటే ఉంటుంది. ఆ అవకాశాన్ని పూర్తిగా తీసేయాలంటే పెంటకుప్పనూ తీసేయాలి. ఎంతవరకు కాపాడాలి, ఎక్కడ వదలాలి అన్నది ప్రతి పొద్దునా గూటి తలుపు తీసే చేయి కొత్తగా తేల్చుకోవాల్సిందే.

ఒక్క ఇంటి గడియతో తేలని ప్రమాదాలు కొన్ని ఉన్నాయి. కౌశికుడు చంపిన కొంగకు తెలుగులో కొక్కెర అనే పేరూ ఉంది. పల్లెల్లో కోళ్లను ఊడ్చిపెట్టే రోగాన్నీ కొక్కెర తెగులనే అంటారు. 1920ల చివర్లో కుమావూఁ కొండల్లో దీన్ని గుర్తించినప్పటి నుంచి పశువైద్యులు రాణీఖేత్ అంటున్నారు. రెక్కలు వాల్చడం, పచ్చని పారుడు, మెడ వంకరపోవడం, రెండు మూడు రోజుల్లో గూడు ఖాళీ. టీకా ఉంది. వారం వయసు పిల్లకు కంట్లోనో ముక్కులోనో ఒక్క లసోటా చుక్క, పెద్దయ్యాక రెక్క కింద ఆర్‌టూబీ సూది.

చిక్కు సీసాలో ఉంది. మామూలుగా దొరికే సీసాలో 100 డోసులో అంతకంటే ఎక్కువో ఉంటాయి. కలిపాక ఒకటి రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్లున్న మనిషి తన పదింటికి వేయించుకుని ఊరుకుంటే మిగతా తొంభై చుక్కలు నేలపాలు. వీధి చివరి నుంచి గంపల్లో కోళ్లు ఎత్తుకొస్తే సీసా సరిపోతుంది. పక్కింటితో నిన్నటి దాకా మాటల్లేకపోయినా సరే, టీకా రోజు పిలవాలి. పక్కింటి కోడికి తెగులొస్తే సాయంత్రానికి అది తన గూటికీ వస్తుంది. దడి దాటే కోళ్లకు పాత తగాదాలు తెలియవు.

ఇంకా కఠినమైన రోజులూ వస్తాయి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. రోగం బయటపడిన చోటు చుట్టూ కిలోమీటరు మేర కోళ్లను చంపించడం మన దేశంలో అమలయ్యే పద్ధతి. ఆ వలయంలో పెరటి కోళ్లకు మినహాయింపు ఉండదు. రోగం రాని పెట్టను, గుడ్ల మీద కూర్చున్న పెట్టను, మొక్కుకు అట్టే పెట్టిన పుంజును కూడా సంచిలో వేసుకుపోతారు. పరిహారం ఉంటుంది. శాస్త్రం ప్రకారం అది సరైన పనే, ఊళ్లను కాపాడటానికి చేసేదే. కానీ గడియ మరవని మనిషికి ఆ రోజు ఏం చెప్పాలి? కుందకుందుడి లెక్కలో ఆమె నిర్దోషి. ఆ మాట ఆ సాయంత్రం ఖాళీ గూటి ముందు ఏ పనికీ రాదు.

రక్షణ గురించి వైష్ణవులకు ఒక పాత తగాదా ఉంది. కోతిపిల్ల తల్లిని తానే కరుచుకుంటుంది, పిల్లికూనను తల్లే నోట కరుచుకుపోతుంది. భక్తుడు కోతిపిల్లలా ఉండాలా పిల్లికూనలా ఉండాలా అని వడకలై, తెన్‌కలై శాఖలు శతాబ్దాలుగా వాదించుకుంటున్నాయి. ఆ వాదంలోకి కోడిపిల్లను ఎవరూ పిలవలేదు. పిల్లికి చోటు దొరికింది గానీ, అది ఎత్తుకుపోయేదానికి దొరకలేదు. కోడిది రెండు దారులూ కాదు. తల్లి నోట కరవదు, పిల్ల కరుచుకుని ఉండదు. తల్లి పిలుస్తుంది, పిల్ల పరిగెత్తుకు రావాలి, వస్తే రెక్క కింద చోటుంటుంది. యెరూషలేమును తలచుకుని యేసు దుఃఖపడిన చోట మత్తయి, లూకా సువార్తలు రెండింటిలోనూ వచ్చే పోలిక ఇదే. రెక్కలు విప్పి పిలిచినా పిల్లలు రాలేదన్నదే అక్కడ బాధ.

తల్లికోడి చేసే ఇంకో పనిని మాత్రం మతగ్రంథాలు పెద్దగా పట్టించుకోలేదు. నెలా రెండు నెలలు గద్ద మీదికి ఎగిరి, కుక్క ముఖం మీదికి దూకి, తన ముక్కుతో పొడిచి చూపించి మరీ తిండి నేర్పిన తల్లి, ఒకనాడు తన పిల్లల్నే పొడిచి తరిమేస్తుంది. పిల్లలు మర్నాడూ వెనకబడతాయి. మళ్లీ పొడుస్తుంది. నాలుగు రోజులకు వాటికి తెలిసొస్తుంది. దాని కాపలాకు గడువుంది, ఆ గడువు లోపల ఏమరుపాటు లేదు. ఇల్లాలి కాపలాకూ గడువుంది, ఆ గడువును ముగించేది ఆమె చేతిలోని కత్తే. తేడా చిన్నది కాదు. తల్లికోడి తరిమిన పిల్ల బతుకుతుంది. కానీ పొదిగిన రోజు నుంచి ఆ గడువు తీరేదాకా రోజూ పొద్దుగూకే వేళ తలలు లెక్కపెట్టడం అన్న పని మటుకు, ఇద్దరి దగ్గరా ఒకటే.

ఈకలు ఊడ్చిన వారానికి పాత గడియ స్థానంలో కొత్తది వస్తుంది, దానికి తోడు బైండింగ్ వైరు మెలి. పాల కేన్ దించగానే ముందు గూటికే వెళ్లడం అలవాటవుతుంది. సెల్‌ఫోన్ లైటు వేసి లెక్కపెడుతుంది: పుంజు, మచ్చల పెట్ట. అక్కడితో ఆగిపోతుంది. ఉండాల్సింది మూడు. నల్లపెట్ట లేదు. పొద్దున గీకుతూ కనబడింది, మధ్యాహ్నం గద్ద కేక వినబడలేదు, దడి పక్కన ఈకలూ లేవు. నాలుగు రోజులుగా గూట్లో గుడ్డు కనబడని సంగతి అప్పుడు గుర్తొస్తుంది. ఎక్కడో దాచిపెట్టి పొదుగుతోందేమో. పొదుగుతుంటే ఇరవై ఒక్క రోజులు. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది, లోపలి నుంచి పిల్లాడు పిలుస్తున్నాడు. ఆమె గూటికి గడియ వేసి, వైరు మెలిపెట్టి, లైటు పట్టుకుని గడ్డివాము వైపు నడుస్తుంది.